పళ్లు ఊడగొట్టిన కేసుల్లో పరిహారం: అపోహలు, వాస్తవాలు

"వాడికి శిక్ష పడితే డబ్బు దానంతటదే వస్తుంది." దాడిలో పళ్లు పోగొట్టుకున్నవాళ్లను అన్నిటికంటే ఎక్కువ ముంచేది ఈ నమ్మకమే.

శిక్ష వేరు, పరిహారం వేరు. పరిహారం ఇప్పించాలా వద్దా అని కోర్టు తప్పక ఆలోచించి, కారణాలు రాయాలని అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. కానీ ఎంతివ్వాలో తేల్చడానికి ఫైల్లో కాగితాలుండాలి. మొదటిరోజు మందుల చీటీ ఒక్కటే ఉంటే జడ్జిగారు మాత్రం ఏ లెక్క వేస్తారు?

అసలు ఖర్చు తర్వాతే మొదలవుతుంది. దెబ్బ తగిలిన పక్క పన్ను కొన్ని నెలలకు నల్లబడి రూట్ కెనాల్ దాకా రావచ్చు. ఇంప్లాంట్ అంటే ఎముకలో స్క్రూ బిగించి, అది అతుక్కునేదాకా నెలలు ఆగి, ఆపైన క్యాప్ పెట్టాలి. బ్రిడ్జి కట్టాలంటే అటూఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. పదమూడేళ్ల పిల్లాడికైతే దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ వేయరు. అందుకే ఏ నంబరు పన్ను, ఏం చేశారు, ఇంకా ఏం చేయాలి, దేనికెంత అన్నది డెంటల్ సర్జన్‌తో రాయించుకోండి. ఒరిజినల్ రసీదులతో కలిపి ఏపీపీకి (మీ కేసు వాదించే ప్రభుత్వ వకీలు) ఇచ్చి, మీ సాక్ష్యం రోజునే మార్క్ చేయించమనండి, అంటే కోర్టు రికార్డులో సాక్ష్యంగా నంబరు వేయించమనండి.

ఇంకో మెలిక. జరిమానా వేస్తే పరిహారం అందులోంచే రావాలి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేయగల జరిమానా 50 వేలు దాటదు. జరిమానా లేకుండా శిక్ష వేస్తే బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసు ఎలా నడవాలో చెప్పే చట్టం) 395(3) కింద ఇచ్చే పరిహారానికి ఆ పరిమితి లేదు. శిక్షపై వాదనలప్పుడు ఈ సెక్షన్ పేరెత్తి అడగాలి. తక్కువిచ్చారనిపిస్తే అదే చట్టం 413 కింద బాధితుడే అప్పీలు చేసుకోవచ్చు.

"పన్నేగా, చిన్న కేసు" అనే మాట స్టేషన్ బయట ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నమ్మకండి. పన్ను విరిగినా, ఊడినా బీఎన్‌ఎస్ (నేరాలు, శిక్షలు చెప్పే చట్టం) 116 ప్రకారం అది తీవ్రగాయమే; 117(2) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అయితే వూండ్ సర్టిఫికెట్లో (గాయాలపై డాక్టరు ఇచ్చే కాగితం) "పన్ను లేదు" అని రాస్తే చాలదు. అది ఎప్పుడో పోయిందని అవతలి వకీలు అంటాడు, కేసు మామూలు గాయం సెక్షన్ 115(2)కి జారిపోతుంది. అదే రోజు ఎక్స్‌రే తీయించి, చిగుట్లో గుంట తాజాదని డెంటిస్టు చేత రాయించండి. ఊడిన పన్ను వేరును రుద్దకండి, పైభాగం పట్టుకుని పాలల్లో వేసి అరగంటలో డెంటిస్టు దగ్గరకు వెళ్తే తిరిగి నిలిచే అవకాశం ఉంది.

కొట్టినవాడు దొరక్కపోతే ఏమీ రాదనుకోకండి, బీఎన్‌ఎస్‌ఎస్ 396(4) కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. రాజీకి కోర్టు అనుమతి కావాలి, పెద్దమనుషుల సంతకాలు సరిపోవు. పక్క పళ్ల సంగతి తేలకముందే రాజీకి తొందరపడకండి. సివిల్ దావా వేరుగా వేయొచ్చు, క్రిమినల్ కోర్టు ఇప్పించినది అందులో లెక్కలోకి తీసుకుంటారు. క్రిమినల్ కేసు నడుస్తోంది కదా అని దావా గడువు మాత్రం ఆగదు.