ఫోరంలలో సీనియర్లు కొత్తవాళ్లను తొక్కేస్తారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే స్టాక్ ఓవర్‌ఫ్లో సైటులో జావా ప్రశ్నలకు చాలా ఏళ్లుగా జవాబులు రాస్తున్నాను. ప్రశ్నలు మూసేయడానికి, అంటే కొత్త జవాబులు రాకుండా ఆపడానికి, ఓటూ వేస్తుంటాను. మన ఇంజినీరింగ్ పిల్లల దగ్గర మళ్లీ మళ్లీ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: డూప్లికేట్ (ఇదివరకే అడిగిన ప్రశ్న) అని మూసేశారంటే అవమానించినట్టే.

ఎక్కువ మంది మనసు విరిగేది ఇక్కడే. సెకండియర్ కుర్రాడు లాగిన్ ప్రోగ్రాం రాస్తాడు. స్కానర్‌తో (కీబోర్డులో కొట్టింది చదివే జావా సాధనం) చదివిన పాస్‌వర్డ్‌ను == పెట్టి పోలుస్తాడు. సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పని వస్తుంది. అవే అక్షరాలను కోడ్‌లోనే రెండు వేరియబుల్స్‌కి ఇచ్చి చూస్తే మాత్రం సరిపోతాయి. బుర్ర తిరిగిపోయి ప్రశ్న పెడతాడు. రెండు నిమిషాల్లో అది మూతపడుతుంది, పైన ఒక పాత ప్రశ్న లింకు.

వాస్తవం: అతనికి కావాల్సింది ఆ లింకులోనే ఉంది. == చూసేది రెండూ మెమరీలో ఒకే ఆబ్జెక్టా అని. అక్షరాలు ఒకటేనా అని చూడాలంటే ఈక్వల్స్ మెథడ్ వాడాలి. కోడ్‌లో నేరుగా రాసిన స్ట్రింగులు (అక్షరాల వరసలు) ఒకేలా ఉంటే జావా వాటికి ఒకే ఆబ్జెక్టు ఉంచుతుంది, అందుకే అక్కడ == పనిచేసినట్టు కనిపిస్తుంది. ఎంతోమంది దిద్దుతూ వచ్చిన ఆ జవాబు కంటే నేను హడావుడిగా రాసేది బాగుంటుందా? "చదవకుండానే మూసేశారు" అని అనుమానం రావడం సహజమే. మామూలుగా ముగ్గురు ఓటు వేయాలి, కానీ ఆ ట్యాగ్‌లో (అంటే జావా లాంటి అంశంలో) బోలెడు మంచి జవాబులు రాసి గోల్డ్ బ్యాడ్జ్ తెచ్చుకున్నవాళ్లు డూప్లికేట్‌ను ఒక్కరే మూసేయగలరు. ఇలాంటి ప్రశ్నలు వాళ్లు రోజూ చూస్తారు, రెండు లైన్లు చదవగానే తెలిసిపోతుంది.

కాకపోతే లింకు పడేసి వెళ్లిపోవడం మాత్రం నాకు నచ్చదు. "స్కానర్ ఇచ్చిన స్ట్రింగ్ వేరే ఆబ్జెక్టు, అందుకే" అని ఒక్క ముక్క రాయడానికి అరనిమిషం పట్టదు. రాసేవాళ్లు తక్కువ.

అపోహ: అడిగింది చెప్పకుండా ఎదురు ప్రశ్నలు వేయడం పొగరు.

వాస్తవం: "ఫైల్ పేరులో చివరి మూడు అక్షరాలు ఎలా తీయాలి?" అని ఒకరు అడుగుతారు. "ఎందుకు?" అంటే చిరాకు పడతారు. తీరా చూస్తే కావాల్సింది ఎక్స్‌టెన్షన్ (పేరు చివర చుక్క తర్వాతి భాగం). జేపీఈజీకి నాలుగు అక్షరాలు, సీ ఫైలుకి ఒక్కటే. అడిగినదానికే జవాబిచ్చి ఊరుకుంటే ఆ ప్రోగ్రాం రేపు ఇంకోచోట ఆగుతుంది. ఇలా అసలు సమస్య చెప్పకుండా తనకు తోచిన పరిష్కారం గురించి అడగడాన్ని మావాళ్లు ఎక్స్‌వై ప్రాబ్లం అంటారు. అనుభవం ఉన్నవాడు ఎదురు ప్రశ్న వేశాడంటే నీ సమస్య మీద ఆలోచిస్తున్నాడనే లెక్క. పట్టించుకోనివాడు ఏమీ అనడు, పేజీ మూసేసి వెళ్లిపోతాడు.

అపోహ (ఇది సీనియర్లది): మేం బాగానే మాట్లాడతాం, ఈ తరం పిల్లలే మరీ సున్నితం.

వాస్తవం: 2018 ఏప్రిల్‌లో స్టాక్ ఓవర్‌ఫ్లో సంస్థే ఈ మాట కొట్టిపారేసింది. తమ సైటు చాలామందికి, ముఖ్యంగా కొత్తవాళ్లకు, మహిళలకు కరుకుగా అనిపిస్తోందని బహిరంగంగా ఒప్పుకుంది. అదే ఏడాది కొత్త ప్రవర్తనా నియమావళి తెచ్చింది, కొత్తగా చేరినవాళ్ల పేరు దగ్గర గుర్తు పెట్టింది. ఆ గుర్తు చూసి కాస్త మెత్తబడినవాళ్లున్నారు. "ఇది కూడా తెలీదా" అనే అలవాటు పోనివాళ్లూ ఉన్నారు, వాళ్లను వెనకేసుకురావాల్సిన పనిలేదు.

అపోహ: లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం సృష్టికర్త టోర్వాల్డ్సే తిడతాడు, తిట్టించుకుంటేనే పని వస్తుంది.

వాస్తవం: ఆయన పేరుమోసిన తిట్లు ఎక్కువగా పడింది కొత్తవాళ్ల మీద కాదు, ఏళ్ల తరబడి పనిచేస్తున్న మెయింటెయినర్ల (పంపిన కోడ్ చూసి చేర్చుకునేవాళ్ల) మీద. 2018 సెప్టెంబరులో ఆయనే క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. లైనక్స్ మూల భాగమైన కెర్నల్ 4.19 వెర్షన్‌ను ఆ అక్టోబరులో ఆయన బదులు గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ విడుదల చేశారు. తిట్లు లేకపోయినా కెర్నల్ ఆగలేదు.

అపోహ: ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులకి ఏం పంపినా సంతోషిస్తారు.

వాస్తవం: ఓపెన్ సోర్స్‌కి మార్పులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఫైలులో) ఒక్క పదం మార్చి పంపిన పుల్ రిక్వెస్టులు (మార్పు చేర్చుకోమనే అభ్యర్థనలు) వెల్లువెత్తాయి. మెయింటెయినర్లు గగ్గోలు పెడితే, ఒప్పుకున్న ప్రాజెక్టులకే పరిమితమని నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధన మార్చారు. 2024లో వెబ్ సర్వర్లు రాయడానికి వాడే ఎక్స్‌ప్రెస్ జేఎస్ ప్రాజెక్టుకి ఇదే గతి. ట్యుటోరియల్ వీడియో చూసిన మన దేశపు విద్యార్థులు రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపారు. అలాంటివి రోజంతా మూసేవాడికి, మధ్యలో వచ్చిన అసలైన ప్యాచ్ (కోడ్ దిద్దుబాటు) మీద కూడా విసుగు రావడం ఆశ్చర్యం కాదు. నీ ప్యాచ్ ప్రాజెక్టులో నమోదైన ఏ ఇష్యూ (సమస్య) కోసమో మొదటి లైన్లోనే రాయి.

అపోహ: "సార్, చాలా అర్జెంట్, ప్లీజ్" అంటే త్వరగా చెబుతారు.

వాస్తవం: ఆ అర్జెంట్ నీది. సార్ అనకపోయినా ఎవరూ ఏమనుకోరు, కానీ ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో పెడితే దాంట్లోంచి కోడ్ కాపీ చేసి నడపలేం. ఎర్రర్ మెసేజ్ ఉన్నదున్నట్టు అతికించు. తప్పు వచ్చేంత కోడ్ మాత్రమే ఉంచి మిగతాది కోసెయ్. ఏ ఇన్‌పుట్ ఇచ్చావో, ఏం రావాలో, ఏం వచ్చిందో రాయి. ఇవన్నీ సర్దుతుండగానే సగం సార్లు తప్పు నీకే దొరుకుతుంది, ఇక ప్రశ్న పెట్టే పనే ఉండదు.