డ్రమ్ము నిండా గ్యాస్, స్టవ్ మాత్రం అంటుకోదు: మామిడి తొక్కల మీద అపోహలు - వాస్తవాలు

చిత్తూరు వైపు తోతాపురి సీజన్ మొదలై పల్ప్ ఫ్యాక్టరీలు తిరిగితే చాలు, గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టి రిపేర్లు చేసే నాకు ఇవే ఫోన్లు. "అన్నా, డ్రమ్ము బాగా లేచింది, గ్యాస్ మాత్రం మండట్లేదు." డ్రమ్ము అంటే ప్లాంటు పైన గ్యాస్ నిలిచే మూత, గ్యాస్ నిండితే పైకి లేస్తుంది. తొక్కలు ఎన్ని పోశారు అని అడుగుతా. అవతల కాసేపు మాట ఉండదు.

అపోహ: ఫ్యాక్టరీల నుంచి తొక్కలు ఊరికే వస్తున్నాయి, ఎంత పోస్తే అంత గ్యాస్.

వాస్తవం: తొక్కలో ఉన్న తీపితోనే చిక్కంతా. చక్కెర తొందరగా పులిసి ఆసిడ్ అయిపోతుంది, దాన్ని మండే గ్యాస్ అయిన మీథేన్‌గా మార్చే సూక్ష్మజీవులేమో చాలా నిదానం, పైగా పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దగ్గర ఉంటేనే సరిగ్గా పనిచేస్తాయి, 6కి పడిపోయిందా ఇక దాదాపు ఆగిపోయినట్టే. అప్పుడు డ్రమ్మును లేపేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్, అది మండదు.

బంగారుపాళ్యం దగ్గర ఒక రైతు ట్రాక్టర్‌తో తోలించి రోజూ తొక్కలే వేశాడు. ఇన్‌లెట్ దగ్గర వంగితే పుల్లటి ఘాటు, పీహెచ్ పేపర్ ముంచితే ఆకుపచ్చ రావాల్సింది నారింజ రంగు వచ్చింది. అప్పటికే ఎవరో మొత్తం తోడేసి మళ్లీ నింపమన్నారంట, ఆ ఇంటావిడ "లోను తెచ్చి కట్టినాము సార్, పోయినట్టేనా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్లాంటుకేం కాలేదమ్మా, అజీర్తి చేసిందంతే అని చెప్పా. తొక్కలు పూర్తిగా ఆపించి, బాగా నడుస్తున్న ప్లాంటు నుంచి స్లర్రీ (సూక్ష్మజీవులున్న చిక్కటి పేడనీళ్లు) తెప్పించి పోసి, కొంచెం సున్నం నీళ్లు కలిపి, తర్వాత పేడనీళ్లు మాత్రమే పోయించా. కొన్ని వారాలు పట్టింది గానీ నీలం మంట వచ్చింది. దయచేసి ఎవరో చెప్పారని తోడేయకండి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

కొత్తవాళ్లు ముందు పేడతోనే నింపండి, మంట నిలబడ్డాక తొక్కలు సన్నగా తరిగి పేడలో కలిపి కొంచెం కొంచెంగా అలవాటు చేయండి, పేడ కంటే తొక్క ఎప్పుడూ తక్కువే ఉండాలి. టెంకలు అసలు వేయొద్దు, ఆ పెంకు కుళ్లదు, పైపులో అడ్డం పడుతుంది, ఎండబెట్టి పొయ్యిలోకి వాడుకోండి.

తొక్కలు చూసి పెద్ద ప్లాంటు కట్టమంటారు కొందరు. సీజన్ అయిపోతే తొక్కలెక్కడివి? ఇంట్లో పేడ ఎంతుందో చూసి కట్టుకోవాలి, రోజుకి 2 క్యూబిక్ మీటర్ల గ్యాస్ ఇచ్చే ప్లాంటుకి రోజూ 50 కిలోల పేడ కావాలి. 1 క్యూబిక్ మీటర్ గ్యాస్ అంటే సుమారు 0.45 కిలోల సిలిండర్ గ్యాస్‌తో సమానం, వంటకి బాగా పనికొస్తుంది, ఇంటికి కరెంటు అంటే మాత్రం ఖర్చు గిట్టదు.

ఇక బాంబులా పేలుతుంది అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఆపితే బాగుంటుంది, డ్రమ్ములో ప్రెషర్ చాలా తక్కువ. లీకైతే సిలిండర్ గ్యాస్ లాగే జాగ్రత్త పడాలి, నిప్పు దగ్గరికి తేకుండా కిటికీలు తెరవాలి. అసలు భయపడాల్సింది ప్లాంటు గుంతలోకి దిగడానికి. ఖాళీ చేసిన గుంత అయినా సరే ఎవర్నీ దింపొద్దు, లోపల ఆక్సిజన్ ఉండకపోవచ్చు, హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఎక్కువగా ఉంటే మనిషి అక్కడికక్కడే స్పృహ తప్పుతాడు, కాపాడదామని వెనకే దిగినవాళ్లు కూడా పోతారు.