ఎన్ని గంటలు వాడారు? సీఆర్‌టీ ప్రొజెక్టర్ వయసు లెక్క

పాత ట్రాక్టరు కొనబోయే రైతు మొదట అడిగేది "ఎన్ని గంటలు తిరిగింది?" అని. ఆ ప్రశ్నలో చాలా తెలివి ఉంది. పాతకాలపు ట్రాక్టరు మీటరు గడియారం లాంటిది కాదు, ఇంజిను తిరుగుళ్లతో ముడిపడి నడుస్తుంది. బండి ఖాళీగా నిలబడి ఉంటే అంకె నెమ్మదిగా కదులుతుంది, పొలంలో దున్నుతున్నప్పుడు వేగంగా కదులుతుంది. ఎంతసేపు ఆన్‌లో ఉందన్న దానికన్నా ఎంత పని చేసిందన్నదే అక్కడ నమోదవుతుంది.

పాత సీఆర్‌టీ ప్రొజెక్టర్లు, అంటే పాత టీవీల్లో ఉండే లాంటి గాజు ట్యూబుల్లో (క్యాథోడ్ రే ట్యూబ్) బొమ్మ పుట్టించి తెర మీద వేసే యంత్రాలు, కొనేవాళ్లు కూడా ఏళ్ల తరబడి ఇదే ప్రశ్న అడిగారు. "మూడు వేల గంటలే నడిచింది" అంటే ఒక ధర, "పన్నెండు వేలు" అంటే ఇంకో ధర. అయితే ప్రొజెక్టర్‌లోని గంటల మీటరు ఉత్త గడియారమే. తెర మీద నల్లటి రాత్రి దృశ్యం ఉన్నా, తెల్లటి లెక్కల పట్టిక ఉన్నా దానికి ఒకటే. ట్యూబుకు మాత్రం ఒకటి కాదు. ఈ తేడా తెలియక ఎంతోమంది మంచి ప్రొజెక్టర్లను తుక్కు కింద వదిలేశారు, అరిగిపోయినవాటికి బోలెడంత డబ్బు పోశారు.

యంత్రం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. ఇంట్లో ఈ తరహా ప్రొజెక్షన్ టీవీకి బాట వేసినవారిలో ముఖ్యుడు అమెరికా ఇంజినీరు హెన్రీ క్లాస్. ఆయన సంస్థ అడ్వెంట్ 1970ల తొలి సగంలో 'వీడియోబీమ్' పేరుతో దాన్ని అమ్మకానికి తెచ్చింది. తరువాతి రెండు దశాబ్దాల్లో బెల్జియంకు చెందిన బార్కో, కెనడాకు చెందిన ఎలక్ట్రోహోమ్, జపాన్ కంపెనీ సోనీ ఈ యంత్రాలను ఎంతో ఎత్తుకు తీసుకెళ్లాయి. విమాన శిక్షణ సిమ్యులేటర్లు, నియంత్రణ కేంద్రాలు, పెద్ద కంపెనీల సమావేశ మందిరాలు వీటికి చోటిచ్చాయి. తొమ్మిది అంగుళాల ట్యూబులున్న పెద్ద ప్రొజెక్టర్లు వంద కిలోలకు అటూ ఇటూ తూగేవి. డిజిటల్ ప్రొజెక్టర్లు రాగానే కంపెనీలు వీటిని దించేశాయి. అమెరికా, ఐరోపాల్లో సినిమా అంటే ప్రాణమిచ్చేవాళ్లు వాటిని తెచ్చి ఇళ్లలో బిగించుకున్నారు. ఈ ప్రొజెక్టర్ చూపించే నలుపు నిజమైన నలుపు. ఎలక్ట్రాన్ పుంజం ఆగితే వెలుగే పుట్టదు కాబట్టి తెర మీద చీకటి చీకటిగానే ఉంటుంది. ఆ నలుపు ఒకసారి చూసినవారికి మామూలు ప్రొజెక్టర్ల బూడిద రంగు చీకటి రుచించదు.

లోపల మూడు ట్యూబులుంటాయి: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ప్రతి ట్యూబు వెనుక మెడలో వేడెక్కే క్యాథోడ్ ఎలక్ట్రాన్లను వదులుతుంది. ముప్పై వేల వోల్టులు దాటిన ఒత్తిడి వాటిని ముందుకు లాగి, అద్దం లోపలివైపు పూసిన ఫాస్ఫర్ పొడికి కొడుతుంది. ఆ దెబ్బకు పొడి వెలుగుతుంది. ట్యూబు ముఖం మీద అరచేతి పాటి బొమ్మ ఏర్పడుతుంది, లెన్సు దాన్ని గోడంత చేస్తుంది. అంత చిన్న చోట అంత వెలుగు పుట్టాలంటే ఫాస్ఫర్ మామూలు టీవీలో కన్నా ఎన్నో రెట్లు కష్టపడాలి. అందుకే ట్యూబు ముందు గ్లైకాల్ ద్రవం నింపి వేడిని లాగేస్తారు.

ఇలాంటి ట్యూబులో అరుగుదల రెండు చోట్ల, రెండు వేరువేరు లెక్కల్లో జరుగుతుంది. క్యాథోడ్‌ది ఒక లెక్క. నికెల్ మీద పూసిన బేరియం ఆక్సైడ్ పొర నుంచి బేరియం కొద్దికొద్దిగా ఆవిరైపోతూ ఉంటుంది. ట్యూబులో మిగిలిన కాస్త వాయువు కూడా ఆ పొరను పాడు చేస్తుంది. క్యాథోడ్‌ను వేడి చేసే తీగ, అంటే ఫిలమెంటు, వేడిగా ఉన్నంతసేపూ, తెర నల్లగా ఉన్నా సరే, ఇది సాగుతూనే ఉంటుంది. కనుక క్యాథోడ్ విషయంలో గంటల మీటరు చాలావరకు నిజమే చెబుతుంది.

ఫాస్ఫర్‌ది ఇంకో లెక్క. దానికి గంటలతో సంబంధం లేదు. చదరపు సెంటీమీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చి తాకాయన్నదే దాని ఆయుష్షు. 1960ల తొలినాళ్లలో అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త ఫాన్ల్ దీన్ని ఒక చిన్న సూత్రంలో పెట్టాడు. తాకిన ఎలక్ట్రాన్ల సంఖ్యను ఆ పొడికి ప్రత్యేకమైన ఒక స్థిరాంకంతో గుణించి, ఒకటి కలపాలి. మొదటి వెలుగును ఆ మొత్తంతో భాగిస్తే మిగిలిన వెలుగెంతో వస్తుంది. గట్టి పొడికి స్థిరాంకం చిన్నది, సున్నితమైన పొడికి పెద్దది. సూత్రంలో ఎక్కడా కాలం లేదు. ఒకే మోతాదు ఎలక్ట్రాన్లు ఒక నెలలో పడినా, పదేళ్లలో పడినా నష్టం దాదాపు ఒకటే.

అంకెల్లో పెట్టి చూద్దాం. బొమ్మ పడే చోటు వంద చదరపు సెంటీమీటర్లు అనుకుందాం, సగటు పుంజం కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ అనుకుందాం. వెయ్యి గంటల్లో ట్యూబు ముఖం మీద పడే విద్యుదావేశం 3,600 కూలుంబులు, అంటే చదరపు సెంటీమీటరుకు 36. ఇప్పుడు రెండు ప్రొజెక్టర్లను పక్కపక్కన పెట్టండి. ఒకటి ఆఫీసులో తెల్లటి పేజీలు చూపిస్తూ మిల్లీ ఆంపియర్ సగటుతో 3,000 గంటలు నడిచింది. రెండోది ఒక ఇంట్లో చీకటి చీకటి సినిమాలు చూపిస్తూ అందులో అయిదో వంతు కరెంటుతో 10,000 గంటలు నడిచింది. మొదటి దాని మీద చదరపు సెంటీమీటరుకు 108 కూలుంబులు పడితే, రెండో దాని మీద 72 పడ్డాయి. మీటరు ప్రకారం మూడు రెట్లకు పైగా ముసలిదైన ప్రొజెక్టర్ ఫాస్ఫరే కుర్రది!

ఫాన్ల్ సూత్రంలో ఇంకో విశేషం ఉంది. వెలుగు సగానికి తగ్గడానికి కొంత మోతాదు పట్టిందనుకోండి. ఆ సగం మళ్లీ సగమవడానికి దానికి రెట్టింపు పడుతుంది. కొత్త ట్యూబు మొదట్లో త్వరగా తగ్గి, తరువాత నిలదొక్కుకుంటుంది. "మొదటి ఏడాది బాగా తగ్గింది, ఆ తరువాత ఏళ్ల తరబడి తేడా తెలియలేదు" అని యజమానులు చెప్పే మాటకు ఇక్కడ ఆధారం ఉంది.

మూడు రంగుల్లో ఎక్కువ బాధ పడేది నీలమే. ఎరుపుకు వాడే యట్రియం ఆక్సైడ్, ఆకుపచ్చకు వాడే టెర్బియం కలిపిన గార్నెట్ రెండూ గట్టి ఆక్సైడ్లు. నీలానికి మాత్రం వెండి కలిపిన జింక్ సల్ఫైడును మించిన పొడి దొరకలేదు. ఇది సల్ఫైడు, ఎలక్ట్రాన్ల దెబ్బకు తట్టుకోవడం తక్కువ. హెండ్రిక్ స్వార్ట్, పాల్ హాలోవే వంటి పరిశోధకులు చూపించినట్టు, పుంజం తాకిడి వల్ల పొడి రేణువుల ఉపరితలం మిగిలిన వాయువుతో చర్య జరిపి, వెలగని పొర ఒకటి కడుతుంది. దీనికి తోడు ఈ పొడికి ఇంకో బలహీనత ఉంది. కరెంటు పెంచుతూ పోతే వెలుగు అదే నిష్పత్తిలో పెరగదు, ఒక దశలో మందగిస్తుంది. తెల్లదనం చెడకుండా ఉండాలంటే నీలం ట్యూబును మరింత గట్టిగా తోలాలి. తోలిన కొద్దీ అది ఇంకా అరుగుతుంది. అందుకే చాలామంది నిపుణులు నీలం పుంజాన్ని కావాలనే కొద్దిగా మసకగా, అంటే వెడల్పుగా ఉంచుతారు. ఒకే చుక్క మీద పడే దెబ్బ పక్కలకు పంచుకుంటుంది, వెలుగు కూడా పెరుగుతుంది. మన కన్ను నీలంలో సన్నని వివరాలను అంతగా పట్టుకోలేదు కనుక బొమ్మ చెడినట్టు అనిపించదు.

అద్దం కూడా నీలానికే అన్యాయం చేస్తుంది. ఎలక్ట్రాన్లు, ఎక్స్ కిరణాలు ఏళ్ల తరబడి తగిలితే ట్యూబు ముఖం గాజు గోధుమ రంగుకు తిరుగుతుంది. గోధుమ రంగు గాజు అన్నిటికన్నా ఎక్కువగా మింగేది నీలం కాంతినే. గాజులో సీరియం ఆక్సైడ్ కలిపి దీన్ని చాలావరకు అడ్డుకుంటారు కానీ పూర్తిగా ఆపలేరు. మొత్తం మీద వయసు మీరిన ప్రొజెక్టర్‌లో తెలుపు పసుపు వైపు జారుతుంది.

ఇక్కడే యజమాని చేతుల్లో అసలు ప్రమాదం మొదలవుతుంది. బొమ్మ మసకబారిందని కాంట్రాస్టు పెంచుతాడు. కరెంటు పెరుగుతుంది, దాంతో అరుగుదల పెరుగుతుంది. ఆరు నెలలకు మళ్లీ మసకగా కనిపిస్తుంది, మళ్లీ పెంచుతాడు. గంటల మీటరు మాత్రం ఎప్పటిలాగే గంటకు ఒక గంట చొప్పున ప్రశాంతంగా నడుస్తూ ఉంటుంది. ఈ రోజుల్లో ప్రొజెక్టర్ల కోసం కొత్త ట్యూబులు తయారుకావడం లేదు. మిగిలినవాటిని ఇలా పోగొట్టుకోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. తెర చిన్నది చేయండి, గది పూర్తిగా చీకటి చేయండి, కాంట్రాస్టు జోలికి మాత్రం వెళ్లకండి.

మరి పాత ప్రొజెక్టర్ అసలు వయసు ఎలా తెలుస్తుంది? ట్యూబు ముఖాన్నే చదవాలి. ప్రొజెక్టర్ ఆపి, చల్లారాక, లెన్సులోకి ఏటవాలుగా టార్చి వేసి చూడండి. లెన్సే భూతద్దంలా పనిచేసి ట్యూబు ముఖాన్ని పెద్దదిగా చూపిస్తుంది. కొత్త ట్యూబైతే అంచు నుంచి అంచు దాకా ఒకే లేత రంగు. వాడినదైతే మధ్యలో కాస్త మాసిన దీర్ఘచతురస్రం కనిపిస్తుంది. ఒక్కోసారి దాని లోపల ఇంకోటి, దాని లోపల మరోటి. వెలుపలిది పాత టీవీ ఆకారం, నాలుగుకు మూడు నిష్పత్తి. దాని లోపల పదహారుకు తొమ్మిది నిష్పత్తిలో ఉన్న అడ్డపట్టీ వెలుపలి దాని ఎత్తులో ముప్పాతిక వంతే ఉంటుంది. ఇంకా సన్నని పట్టీ కూడా ఉంటే ఎవరో వెడల్పు తెర సినిమాలు విపరీతంగా చూశారన్నమాట. నియంత్రణ కేంద్రంలో పనిచేసిన ట్యూబైతే ఎప్పుడూ కదలని గళ్లు, పట్టికల గీతలు అచ్చుపడి ఉంటాయి. యంత్రం ఎక్కడ, ఎలా బతికిందో ఆ మచ్చలే చెప్పేస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ ట్యూబుల ముందు కొన్ని మోడళ్లలో రంగు అద్దం ఉంటుంది కాబట్టి వాటిని చూడటం కాస్త కష్టం. నీలం దగ్గర మాత్రం పరీక్ష తప్పనిసరి.

టార్చికి అందని అరుగుదలను వెలుగే పట్టిస్తుంది. ప్రొజెక్టర్‌ను కనీసం అరగంట వేడెక్కనివ్వండి. ఒక్కో రంగునే తెరిచి, తెర నిండా ఒకే బూడిద రంగు చూపించి, బొమ్మ సైజును మామూలు హద్దులు దాటేదాకా పెంచండి. పాత హద్దుకు బయట ఉన్న పొడి అరగలేదు కనుక, బొమ్మ చుట్టూ ప్రకాశవంతమైన చట్రం ఒకటి బయటపడుతుంది. చట్రానికీ మధ్య భాగానికీ వెలుగు తేడా ఎంత ఉందో వెలుగును కొలిచే లక్స్ మీటరుతో చూస్తే అరుగుదల అంకెల్లో వచ్చేస్తుంది. అరిగిన ట్యూబే తన కొత్త రూపాన్ని అంచున దాచి ఉంచింది కాబట్టి పోల్చడానికి ఇంకో ట్యూబు అక్కర్లేదు. నాకు ఇంతకన్నా నిజాయతీగల పరీక్ష తెలియదు.

మెనూలో కనిపించే గంటలను నమ్మే ముందు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ అంకె ఉండేది బోర్డు మీది మెమరీ చిప్‌లో. మరమ్మతులో బోర్డు మార్చితే ఆ బోర్డు పాత యంత్రం గంటలే ఇక్కడ కనిపిస్తాయి. మూడింటిలో ఒక్క నీలం ట్యూబునే మార్చి ఉంటే, మెనూలోని అంకె దానికి అసలు వర్తించదు. ట్యూబు మెడ మీద అంటించిన చీటీ, సర్వీసు కాగితాలు చూడకుండా ఆ అంకెకు విలువ కట్టలేం.

గంటలు లెక్కపెట్టడానికి ఆ రోజుల్లో కొన్ని పరికరాల్లో ఒక అందమైన మీటరు వాడేవారు. సన్నని గాజు గొట్టంలో రెండు పాదరస స్తంభాలు, మధ్య ఒక చుక్క విద్యుద్ద్రావణం. కొద్దిపాటి కరెంటు పంపితే ఒక స్తంభం నుంచి పాదరసం కరిగి రెండోదానికి చేరుతుంది, మధ్యలోని చుక్క మెల్లగా జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి గంటలు చదువుతారు. నిజానికి అది కాలాన్ని కొలవడం లేదు. ఎంత విద్యుదావేశం పారితే అంత లోహం కరుగుతుందనే ఫారడే నియమం ప్రకారం విద్యుదావేశాన్ని కొలుస్తోంది. కరెంటును స్థిరంగా ఉంచారు కాబట్టి అది గంటల మీటరైంది. దాన్నే ఎలక్ట్రాన్ పుంజం కరెంటుకు అనులోమంగా నడిపి ఉంటే ఫాస్ఫర్ అరుగుదలనే నేరుగా చూపించేది.

ఆ పని ఇప్పుడైనా చేయవచ్చు. కరెంటు హద్దు మీరకుండా కాపాడే సర్క్యూట్ కోసం, అధిక వోల్టేజీ వైండింగు కింది చివర పుంజం కరెంటుకు అనుపాతంలో చిన్న వోల్టేజీ ఎలాగూ ఉంటుంది. తక్కువ ధర మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) ఒకటి దాన్ని సెకనుకు కొన్నిసార్లు చదివి కూడుకుంటూ పోతే చాలు, కూలుంబుల మీటరు సిద్ధం. మూడు ట్యూబులకూ ఒకే సరఫరా ఉన్న యంత్రాల్లో మొత్తం మాత్రమే తెలుస్తుంది. విడివిడిగా తెలియాలంటే ఒక్కో క్యాథోడ్ దగ్గర కొలవాలి. అయితే ముప్పై వేల వోల్టుల యంత్రం ఆపిన తరువాత కూడా ప్రాణాంతకమైన ఆవేశాన్ని పట్టి ఉంచగలదు. ఆ మూత తెరవాల్సింది ఇలాంటి సర్క్యూట్లలో చేయి తిరిగిన టెక్నీషియనే. మిగిలినవాళ్లకు లక్స్ మీటరు, ఒక నోటు పుస్తకం చాలు. ఒకే పరీక్షా చిత్రం, ఒకే దూరం, ఒకే కాంట్రాస్టు పెట్టి, మూడు రంగులకూ వేరువేరుగా అంకెలు రాసుకోండి. పక్కనే మెనూలోని గంటలు కూడా రాయండి.