నత్త గుడ్లు ఎవరి మాట వింటాయి? హార్మోన్ల చుట్టూ అపోహలు - వాస్తవాలు

నల్గొండ, పాలమూరు చెరువుల్లో ప్రధానంగా మూడు రకాల నత్తలను గుర్తుపట్టడం తెలియాలి: పెద్ద గుండ్రటి పైలా, బిళ్లలా చుట్టుకున్న ఇండోప్లానార్బిస్, పలచటి పెంకు లిమ్నియా. హార్మోన్ల లెక్కలు మాత్రం ఎక్కువగా యూరప్ చెరువుల్లో ఉండే లిమ్నియా స్టాగ్నాలిస్ మీద తేలినవి. దాని నాడీకణాలు పెద్దవి, ఎలక్ట్రోడ్‌కు సులువుగా అందుతాయి.

అపోహ: ప్రతి నత్తలోనూ ఆడా మగా రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి.

పైలాలో ఆడ వేరు, మగ వేరు. మిగతా రెండూ ద్విలింగ జీవులు, అంటే ఒకే ఒంట్లో ఆడా మగా. జత దొరక్కపోయినా సొంత వీర్యంతోనే పిల్లల్ని చేసుకోగలవు. కుంటలో నత్తలన్నీ ఏరేశాం, ఒకటీ అరా మిగిలితే ఏమవుతుందిలే అనుకోవద్దు. ఆ ఒక్కటే చాలు.

అపోహ: గేదెలో మాదిరిగా ఈస్ట్రోజెన్ పెరిగితేనే నత్త గుడ్లు పెడుతుంది.

డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పు ఇది. గుడ్లు పెట్టించేది నాడీకణాల నుంచి వచ్చే పెప్టైడ్, అంటే అమినో ఆమ్లాల చిన్న గొలుసు. లిమ్నియా సెరిబ్రల్ గాంగ్లియాల్లో (తలలోని నాడీ ముద్దల్లో) రెండు గుంపులుగా సుమారు 100 కాడోడార్సల్ కణాలనే నాడీకణాలుంటాయి. సంకేతం అందగానే అవన్నీ కలిసి అరగంట నుంచి గంట దాకా విద్యుత్ స్పందనలు ఇస్తాయి. అప్పుడే 36 అమినో ఆమ్లాల హార్మోన్ రక్తంలోకి దిగి, పండిన అండాలను విడిపిస్తుంది. అవే కణాల నుంచి వచ్చే కాల్ఫ్లక్సిన్ అనే మరో పెప్టైడ్ గుడ్డు తెల్లసొనను తయారుచేసే అల్బుమెన్ గ్రంథిని కదిలిస్తుంది. సుమారు రెండు గంటల్లో గుడ్లున్న జిగురు ముద్ద బయటికొస్తుంది. అండాలను పెంచే పని మాత్రం వేరే చోట, గాంగ్లియాల మీద అంటుకుని ఉండే డార్సల్ బాడీలనే గ్రంథులది. వాటిని తీసేస్తే అండాల ఎదుగుదల, ఆడ గ్రంథులు దెబ్బతింటాయి. మగ పక్కకు పెద్దగా నష్టం ఉండదు.

మరి హార్మోన్లను కొలిచే ఎలైజా పరీక్ష కిట్‌లో నత్తల్లో ఈస్ట్రోజెన్ కనిపించిందే అంటారు. నత్తలు నీళ్లలోని స్టెరాయిడ్లను (ఈస్ట్రోజెన్ కూడా వాటిలో ఒకటి) పీల్చి, కొవ్వు ఆమ్లాలతో కలిపి దాచుకుంటాయి. కిట్‌లో రీడింగ్ వచ్చినంత మాత్రాన నత్తే దాన్ని తయారుచేసిందని కాదు. పైగా అప్లీసియా అనే సముద్రపు నత్తలోని ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (హార్మోన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) ఆ హార్మోన్ లేకున్నా పనిచేస్తూనే ఉంటుందని 2003లో తేలింది. ఓడల రంగుల్లోని ట్రైబ్యూటైల్‌టిన్ వల్ల ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవం మొలిచిన సంగతినీ వాదనకు తెస్తారు. అది రెటినాయిడ్ ఎక్స్ రిసెప్టర్ అనే వేరే రిసెప్టర్ దారిలో జరిగే పని.

అపోహ: ఉరుము ఉరిమితే గుడ్లు పెడతాయి.

మృగశిర వానలకు పైలా బురదలోంచి లేచి, ఒడ్డున తడి మట్టిలో తెల్లటి గుడ్లు పెట్టడం నిజమే. లేపింది తడి, ఉరుము కాదు. లిమ్నియాలనైతే ల్యాబ్‌లోనే గుడ్లు పెట్టించొచ్చు. కొన్ని రోజులు నీళ్లు మార్చకుండా ఉంచి, ఆ తర్వాత శుభ్రమైన గాజు తొట్టిలో, గాలి బాగా కలిసిన కొత్త నీళ్లలోకి మార్చాలి. రోజుకు 16 గంటల వెలుతురు ఇస్తే 12 గంటలప్పటికన్నా గుడ్లు బాగా ఎక్కువ. చెడేది ఎక్కడంటే, భగీరథ నల్లా నీళ్లు పట్టి అలాగే పోస్తారు. క్లోరిన్‌కు నత్తలు ముడుచుకుపోతాయి. ఒక రోజు నిలవబెట్టి పోయాలి. తిండి లేని నత్త గుడ్లు ఆపేస్తుంది కాబట్టి ముందు నుంచీ ఆకుకూర దండిగా వెయ్యాలి. అప్పుడే గుడ్లు పెట్టినదాన్ని మళ్లీ వాడొద్దు. దాని కాడోడార్సల్ కణాలు కొన్ని గంటలు సంకేతానికి పలకవు.

అపోహ: జత కట్టగానే గుడ్లొస్తాయి.

లిమ్నియాలో దీనికి తలకిందులు. వీర్యంతో పాటు వచ్చే ఓవిపోస్టాటిన్ అనే ప్రొటీన్ గుడ్లు పెట్టడాన్ని వెనక్కి నెడుతుంది.

అపోహ: గుడ్లు కనిపించలేదంటే చెరువు శిఖంలో గొర్లను మేపొచ్చు.

ప్రమాదం ఇక్కడే. లిమ్నియా కార్జపు జలగను, ఇండోప్లానార్బిస్ పశువులకు ముక్కు గురక తెచ్చే షిస్టోసోమా అనే పరాన్నజీవి పురుగును మోస్తాయి. పరాన్నజీవి దిగిన నత్త తరచూ గుడ్లు పెట్టడం మానేస్తుంది. ట్రైకోబిల్హార్జియా అనే పరాన్నజీవి సోకిన లిమ్నియా స్టాగ్నాలిస్‌లో షిస్టోసోమిన్ అనే పెప్టైడ్ పుట్టి, కాడోడార్సల్, డార్సల్ బాడీ హార్మోన్లు రెంటినీ అడ్డుకుంటుంది. అంటే గుడ్లు తక్కువైన కుంటలో రోగం ఎక్కువే ఉండొచ్చు. పరీక్ష కష్టం కాదు. గ్లవ్స్ వేసుకుని నత్తలను పట్టి, ఒక్కోదాన్ని వేరే గాజు గ్లాసులో, క్లోరిన్ లేని తేట నీళ్లలో వేసి, పొద్దున వెలుతురులో రెండు మూడు గంటలు ఉంచాలి. నల్లటి కాగితం ముందు పెట్టి భూతద్దంతో చూస్తే, రోగమున్న నత్త వదిలిన పరాన్నజీవి పిల్ల పురుగులు తోకలాడిస్తూ తిరుగుతుంటాయి. మొదటిరోజు ఏమీ రాకపోతే మర్నాడూ చూడాలి. అప్పుడూ రాకున్నా రోగం లేదని తేల్చేయొద్దు, లేత ఇన్ఫెక్షన్ ఇంకా పురుగులను వదలదు. చూశాక ఆ నీళ్లను మరిగించి పారబోయాలి. షిస్టోసోమా పురుగులు చర్మంలోకి దూరితే దద్దుర్లు, దురద.