మాట చేరితే అర్థం చేరినట్టేనా? కమ్యూనికేషన్‌పై అపోహలు – వాస్తవాలు

కమ్యూనికేషన్ పాఠాలు చెప్పే నాకు ప్రతి కొత్త తరగతిలోనూ ఎదురయ్యే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎంతో కొంత నిజం ఉండడం వల్లనే అవి అంత తేలికగా వదలవు.

అపోహ: స్పష్టంగా చెబితే చాలు, అవతలివారికి అదే అర్థం చేరుతుంది.

వాస్తవం: దీనికి ఆధారంగా అమెరికన్ గణితవేత్త, ఇంజనీర్ క్లాడ్ షానన్ 1948లో ప్రచురించిన కమ్యూనికేషన్ సిద్ధాంతాన్ని చూపిస్తుంటారు. కానీ సందేశానికి ఉండే అర్థంతో, దాన్ని చేరవేసే ఇంజనీరింగ్ సమస్యకు సంబంధం లేదని ఆయన ఆ వ్యాసం ఆరంభంలోనే తేల్చి చెప్పారు. తీగ వెంట వెళ్ళేది సంకేతం. దాన్ని అందుకున్న మనిషి తనకున్న పరిచయం, సందర్భం, అప్పటి మనఃస్థితి కలుపుకుని అర్థం చేసుకుంటాడు. ఎదురుగా కూర్చుని నవ్వుతూ అన్న ‘సరే’, పొడవాటి వివరణకు బదులుగా ఫోన్ తెరపై ఒంటరిగా కనిపించే ‘సరే’ అక్షరాల్లో ఒకటే అయినా, రెండోదాన్ని చదివి రాత్రంతా మథనపడేవారు ఎందరో ఉన్నారు.

అపోహ: భావంలో మాటల వాటా 7 శాతమే.

వాస్తవం: ఈ అంకెకు మూలమైన, మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాలు ఇష్టాయిష్టాల వ్యక్తీకరణకే పరిమితమైనవి. దాన్ని అన్ని సంభాషణలకూ అంటగట్టడం తప్పు.

అపోహ: ఎమోజీ అందరికీ ఒకేలా అర్థమయ్యే భాష.

వాస్తవం: కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలకు పాటించే ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ ఎమోజీలకు సంఖ్యలను, పేర్లను కేటాయిస్తుంది, బొమ్మను ఏ కంపెనీకి ఆ కంపెనీ గీసుకుంటుంది. 2016లో ఆపిల్ తుపాకి బొమ్మను నీళ్ళ తుపాకిగా మార్చింది. మిగతా కంపెనీలు మార్చేవరకు, ఒకరు ఆటగా పంపిన బొమ్మ మరొకరి తెరపై నిజమైన ఆయుధంలా కనిపించే అవకాశం ఉండేది.

అపోహ: సాంకేతికత మాటను మోసుకెళ్తుందంతే, అర్థంలో తలదూర్చదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ నమ్మకమే. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతుగా తేలింది. అంతకుమించి ఆగితే సందేహిస్తున్నారనో, ఒప్పుకోవడం ఇష్టం లేదనో మనం పసిగడతాం. వీడియో కాల్‌లో ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లే అనుకున్నా, ప్రశ్న వెళ్ళేటప్పుడు ఒకసారి, జవాబు వచ్చేటప్పుడు ఒకసారి దాన్ని లెక్కించాలి. సహజ విరామం కూడా కలిస్తే అది అర సెకను. ఆ అర సెకనులో నెట్‌వర్క్ పాలెంతో, మనిషి పాలెంతో చెవి విడదీయలేదు.

నేను కూర్చున్న ఒక ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ప్రతి ప్రశ్నకూ అభ్యర్థిని ఒక క్షణం ఆగి జవాబు చెప్పింది. పక్కనున్నవారు ‘విషయం వచ్చు, ధైర్యం లేదు’ అని రాసుకున్నారు. నిజానికి నేనూ అదే అనుకున్నాను. కాల్ తెగిపోవడంతో మిగతా భాగం మామూలు ఫోన్‌లో సాగినప్పుడు, అదే అమ్మాయి మా ప్రశ్న ముగిసీ ముగియకముందే జవాబు అందుకుంది. అప్పటి నుంచి వీడియో ఇంటర్వ్యూ మొదలుపెట్టే ముందు అవతలివారితో ఒకటి నుంచి పది వరకు వంతులవారీగా అంకెలు చెప్పించి, ఆలస్యం ఎంతుందో చూసుకున్నాకే మొదటి ప్రశ్న అడుగుతున్నాను.