కాన్ఫిగర్ ఆగలేదంటే అన్నీ ఉన్నట్టేనా?

"అన్నా, కాన్ఫిగర్ అయింది, మేక్ అయింది, ఎర్రర్ ఒక్కటీ లేదు. మరి పిప్ ఎందుకు పనిచేయట్లేదు?" ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో బిల్డ్ పనులు చూసే నన్ను కొత్తవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. బిల్డ్ అంటే సోర్స్ కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం. అందులో కావలసినవన్నీ మెషీన్‌లో ఉన్నాయో లేదో ముందుగా చూసేది కాన్ఫిగర్, తర్వాత కంపైల్ చేయించేది మేక్. పిప్ అంటే పైథాన్ ప్యాకేజీలు దించిపెట్టే టూల్.

అపోహ: కాన్ఫిగర్ పూర్తయిందంటే డిపెండెన్సీలన్నీ, అంటే ప్రోగ్రామ్ ఆధారపడే లైబ్రరీలన్నీ, దొరికినట్టే.

వాస్తవం: తప్పనిసరి లైబ్రరీ లేకపోతేనే అది ఆగుతుంది. ఉంటే వాడుకుందాంలే అనుకున్న లైబ్రరీ దొరక్కపోతే "నో" అని ఒక లైను రాసి ముందుకు పోతుంది. వందల లైన్లలో అది ఎవరి కంటా పడదు. పైథాన్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (సురక్షిత కనెక్షన్ల లైబ్రరీ) హెడర్లు, అంటే దాన్ని వాడుకుని కంపైల్ చేయడానికి కావలసిన ఫైళ్లు, లేకపోయినా బిల్డ్ పూర్తవుతుంది. తీరా చూస్తే ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ ఉండదు, పిప్ ఏదీ డౌన్‌లోడ్ చేయలేకపోతుంది. టెన్షన్ పడకండి, మీరేమీ పాడు చేయలేదు. ఆ హెడర్లు ఉండే డెవ్ ప్యాకేజీ పెట్టి మళ్లీ మొదటినుంచి బిల్డ్ చేయండి.

ఇలాంటి చెక్‌ని కావాలని కూడా చెడగొట్టొచ్చు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో ఎవరో దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌డోర్ (రహస్య దొడ్డిదారి) బయటపడినప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టింది ఒక చుక్క. ల్యాండ్‌లాక్ (ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో కట్టడి చేసే లినక్స్ రక్షణ) ఉందో లేదో చూడటానికి దాని సీమేక్ ఫైలులో (సీమేక్ కూడా కాన్ఫిగర్ లాంటి పనే చేసే టూల్) ఒక చిన్న టెస్ట్ ప్రోగ్రామ్ ఉండేది. అందులో ఒక ఫుల్‌స్టాప్ చేరింది. దాంతో ఆ ప్రోగ్రామ్ ఏ మెషీన్‌లోనూ కంపైల్ అయ్యేది కాదు, చెక్ ఎప్పుడూ "లేదు" అనే చెప్పేది. ల్యాండ్‌లాక్ రక్షణ లేకుండానే బిల్డ్ చక్కగా పూర్తయ్యేది.

మా ప్రాజెక్టులోనూ ఒకసారి దెబ్బ తిన్నాం. నా ల్యాప్‌టాప్‌లో జెడ్‌లిబ్ అనే కంప్రెషన్ లైబ్రరీ డెవ్ ప్యాకేజీ ఉంది, బిల్డ్ సర్వర్‌లో లేదు. కంప్రెషన్ లేకుండానే రిలీజ్ వెళ్లిపోయింది. జనం పాత ఫైళ్లు తెరుచుకోవట్లేదని మొత్తుకుంటుంటే మూడు రోజులు కోడ్‌లో వెతికాను. తర్వాత చెక్ మార్చాను: కాన్ఫిగర్‌ని విత్ జెడ్‌లిబ్ అనే ఆప్షన్‌తో అడిగాక అది దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి ఆగాలి. వద్దంటే, మెషీన్‌లో ఉన్నా ముట్టుకోకూడదు. ఏది ఆన్, ఏది ఆఫ్ అని చివర్లో చూపించాలి. రిలీజ్‌కి ముందు ఖాళీ కంటైనర్‌లో (ముందే ఏమీ పెట్టని విడి వాతావరణంలో) ఒకసారి బిల్డ్ చేసి తీరాలి.

అపోహ: లైబ్రరీ ఇన్‌స్టాల్ చేశాక కూడా "నాట్ ఫౌండ్" అంటే ప్రాజెక్టులోనే లోపం. వాస్తవం: చాలాసార్లు ప్రోగ్రామ్‌ని నడపడానికి చాలే రన్‌టైమ్ ప్యాకేజీ ఉండి డెవ్ ప్యాకేజీ లేకపోవడమే కారణం. ఫెడోరాలో దాన్ని డెవెల్ అంటారు.

అపోహ: ఆ చెక్ తీసేస్తే సరిపోతుంది. ఈ సలహా ఎవరు పుట్టించారో గానీ, దయచేసి వినకండి. ఇక్కడ ఆగాల్సిన ఎర్రర్ కంపైల్ మధ్యలో, ఇంకా అర్థంకాని రూపంలో వస్తుంది.

సాయం అడిగేటప్పుడు స్క్రీన్‌షాట్ బదులు కాన్ఫిగర్ రాసిపెట్టే కాన్ఫిగ్ డాట్ లాగ్ ఫైలు మొత్తం పంపండి. ఏ టెస్ట్ ప్రోగ్రామ్ ఎందుకు ఫెయిలైందో, కంపైలర్ అన్న మాటతో సహా అందులోనే ఉంటుంది.