గాం సోదరులు లేని రంపకథ సగమే

2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. ఆ పేరు పెట్టాల్సిందే. కానీ 1922–24 రంప తిరుగుబాటులో ఆయనతో నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర ఎవరని అడిగితే చాలామంది 'అనుచరులు' అనేసి ఊరుకుంటారు. వాళ్లకు సొంత రాజకీయం లేనట్టు!

మన్యంలో తగాదా సీతారామరాజు రాకముందే ఉంది. కొన్ని ఊళ్లను కలిపి ఒక ముఠా అనేవారు. దానికి పెద్ద ముఠాదారు. జీలుగు కల్లుపై పన్ను, ముఠాదార్లపై వేధింపులు ముదిరి 1879లో రంపలో తిరుగుబాటు లేచింది. దాన్ని అణిచేశాక 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి కొట్టుకుంటున్న పోడుకు, అంటే అడవి నరికి చేసే సాగుకు, ఆంక్షలు పడ్డాయి, అడవిలోకి పశువులను తోలడమూ నేరమైంది.

ఇక గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పనికి గిరిజనులను తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గంటందొరకు ఆ పదవి ఊడింది కూడా ఈయన చలవతోనే. తమ్ముడు మల్లుదొరతో కలిసి ఆయన పోరులో దిగడానికి కారణాలు ఇంటి గడపలోనే ఉన్నాయి.

సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడింది. చింతపల్లిలో ఏమేం తీసుకెళ్లారో స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. అప్పటికి చౌరీచౌరా తర్వాత గాంధీజీ సహాయ నిరాకరణను ఆపేసి ఆరు నెలలు. మైదానంలో ఉద్యమం చల్లబడింది, కాంగ్రెస్ పెద్దలు సాయుధ పోరుకు దూరంగానే ఉన్నారు. ఈ రెండేళ్ల భారం మోసింది కొండ ఊళ్లే: దారులు, తిండి, వేగు సమాచారం అన్నీ అక్కడివే.

1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును కాల్చి చంపారు. జూన్‌లో గంటందొర కూడా పోరాడుతూ నేలకొరిగారు. 1923లోనే దొరికిపోయిన మల్లుదొరకు ముందు ఉరిశిక్ష పడి, తర్వాత అది యావజ్జీవంగా మారి అండమాన్‌కు పంపారు.

అదే మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు స్వతంత్ర అభ్యర్థిగా నెగ్గారు. విశాఖపట్నం అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం; రెండో సీటు గెలిచిన లంకా సుందరం కూడా స్వతంత్రుడే. పోడు భూమిపై గిరిజనుల హక్కును దేశమంతటా చట్టం గుర్తించింది మాత్రం 2006లో.